చెన్నైలో నాన్నగారికి చూపించడానికి పాత సినిమా హాళ్లు ఏవి మిగిలి ఉన్నాయి?

సుధ_గుంటూరు:

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా పిన్ని కూతురి పెళ్లికి చెన్నై వెళ్తున్నాం. పెళ్లి వడపళనిలో, మా బస టి. నగర్‌లో. పెళ్లి అయిపోగానే తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా ఇంకో రెండు రోజులు ఉండేలా టికెట్లు తీసుకున్నాను. ఆ రెండు రోజులూ నాన్నగారి కోసం.

ఆయన 1969లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. చదువు పూర్తయ్యాక అంబత్తూరులో ఉద్యోగం చేసి, 1981లో విశాఖపట్నం వచ్చేశారు. మా చిన్నతనంలో ఇతర పిల్లలకు వాళ్ల నాన్నలు రాజుల కథలు, దయ్యాల కథలు చెబితే, మాకు ఈయన మద్రాసు సినిమా హాళ్ల కథలు చెప్పేవారు. సఫైర్, ఎమరాల్డ్, బ్లూ డైమండ్, దేవి, ఆనంద్, శాంతి, కేసినో, వెల్లింగ్టన్. ఈ పేర్లు నాకూ మా తమ్ముడికీ కంఠతా వచ్చు. బ్లూ డైమండ్‌లో ఒకసారి టికెట్టు కొంటే ఎంతసేపైనా కూర్చోవచ్చని, ఎండాకాలంలో హాస్టల్ కుర్రాళ్లంతా ఆ చల్లదనం కోసమే వెళ్లేవారని చెబుతారు. అది నిజమేనా, లేక మమ్మల్ని మురిపించడానికి చెప్పారా అని ఇప్పటికీ మా తమ్ముడికి అనుమానం.

నాన్నగారికి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. చాలా మెట్లు ఎక్కలేరు. గతేడాది అమ్మ పోయాక ఇల్లు కదలడం కూడా తగ్గించేశారు. పెళ్లికి కూడా మొదట రానన్నారు. నేను ఊరికే, "ఈ హాళ్లలో ఏదైనా ఉందేమో చూద్దాం నాన్నా" అంటే మాత్రం కుర్చీలో లేచి నిటారుగా కూర్చుని, మౌంట్ రోడ్డు మీద ఏది ఎక్కడ ఉండేదో చేతులతో చూపించడం మొదలుపెట్టారు. అందుకే ఈ ప్రయాణం నాకు చాలా ముఖ్యం.

వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు? ఉన్న చోట తెలుగు సినిమా ఆడుతుందా? మెట్ల ఇబ్బంది లేని హాలు ఏది? తీరా అక్కడికి వెళ్లి, కూల్చేసిన స్థలాల ముందు ఆయన్ని నిలబెట్టి బాధపెట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

మౌంట్‌రోడ్_ఆపరేటర్:

అమ్మా సుధా, ముందు మీ తమ్ముడి అనుమానం తీర్చేస్తాను. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. బ్లూ డైమండ్‌లో ఆట ఆగేది కాదు. సినిమా అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పడేది. ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చు, ఎప్పుడైనా బయటికి రావచ్చు. సగంలో వెళ్లినవాళ్లు రెండో సగం ముందు చూసి, మొదటి సగం తర్వాత చూసి వెళ్లేవారు. లేవమనేవాళ్లు ఉండేవారు కాదు.

నాది నాయుడుపేట. 1976లో మౌంట్ రోడ్డు ప్రాంతంలోని ఒక హాల్లో ప్రొజెక్టర్ గదిలో సహాయకుడిగా చేరి, తర్వాత ఆపరేటర్‌నై, రీళ్లు పోయి డిజిటల్ వచ్చేదాకా అదే పనిలో ఉన్నాను. మీ నాన్నగారు కింద కూర్చుని చూసిన సినిమాల్లో కొన్ని నా చేతుల మీదుగా నడిచే ఉంటాయి.

లేనివాటి సంగతి ముందే చెబుతాను, ఆయనకు ఇంటి దగ్గరే చెప్పేయండి. సఫైర్, ఎమరాల్డ్, బ్లూ డైమండ్ మూడూ ఒకే ఆవరణలోవి కాబట్టి 1990లలో మూడూ కలిసే పోయాయి. ఆనంద్ లేదు. వెల్లింగ్టన్ ఉన్న చోట వెల్లింగ్టన్ ప్లాజా అనే వ్యాపార సముదాయం ఉంది. శివాజీ గణేశన్ గారి కుటుంబం నడిపిన శాంతి 1961 నాటిది, 2016లో మూతపడింది. మీ నాన్నగారు ఊరు విడిచాక 1983లో అశోక్ నగర్‌లో ఉదయం అనే హాలు వచ్చింది, నిన్నగాక మొన్న 2024లో అదీ పోయింది.

సఫైర్ పోయిందంటే ఇప్పటికీ నాకు మనసు ఒప్పదు. 1964లో కట్టారు. ఒకే ఆవరణలో మూడు హాళ్లంటే అప్పట్లో దేశంలోనే కొత్త. కట్టించినవాళ్లది నగల వ్యాపారం, అందుకే ఆ రత్నాల పేర్లు. ఇప్పుడు మల్టీప్లెక్స్ అని గొప్పగా చెప్పుకునేది మన మద్రాసులో అప్పుడే ఉంది. తెలుగువాళ్లం మరిచిపోకూడని మాట ఇంకొకటి ఉంది. 1978లో వచ్చిన "మరో చరిత్ర" సఫైర్‌లో 596 రోజులు ఆడింది. తమిళంలోకి మార్చింది కాదు, తెలుగు సినిమాయే, తెలుగు మాటలతోనే. చూసినవాళ్లలో ఎక్కువమంది తమిళులే. తెలుగు ముక్క రాని కుర్రాళ్లు బస్టాపుల్లో ఆ పాటలు పాడుకోవడం నేను విన్నాను. మీ నాన్నగారు అప్పుడు అంబత్తూరులోనే ఉన్నారు కదా, అడిగి చూడండి, తప్పకుండా చూసే ఉంటారు.

ఇక ఉన్నవి. దేవి ఉంది. కేసినో ఉంది. అన్నా ఉంది. రాయపేటలో సత్యం, ఉడ్‌లాండ్స్ ఉన్నాయి. మీ పెళ్లి జరిగే వడపళనిలో 1972 నాటి కమలా ఉంది, లోపల పూర్తిగా కొత్తగా మార్చారు. మీ నాన్నగారి జాబితాలో ఉన్నవి దేవి, కేసినో రెండే. ఆయన్ని తీసుకెళ్లవలసింది దేవికి. దీంట్లో నాకు రెండో మాట లేదు.

దేవి 1970లో మొదలైంది, అంటే ఆయన కాలేజీలో చేరిన మరుసటి ఏడే. దేవి, దేవి ప్యారడైజ్, దేవి బాల, దేవి కళ అని నాలుగు హాళ్లు. ప్యారడైజ్‌కు వెళ్లడానికి మెట్లకు బదులు ఏటవాలుగా చుట్టు తిరిగి పైకి పోయే దారి ఉంది. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆ దారి నచ్చుతుంది. ఆ రోజుల్లో ఆడపిల్లలు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ ఆ వాలులో నడుస్తుంటే పండగపూట గుడి ప్రదక్షిణలా ఉండేది. పెద్ద హాలుకు మెట్లు ఎన్ని, లిఫ్టు పరిస్థితి ఏమిటి అనేది టికెట్టు తీసుకునేటప్పుడే కౌంటర్లో అడగండి. పెద్ద తెలుగు సినిమా ఏది విడుదలైనా ఇక్కడ కనీసం ఒక ఆట పడుతుంది.

మీ నాన్నగారు ఇంజనీరు కాబట్టి ఆయనకు నచ్చే విషయం ఒకటి రాస్తాను, చదివి వినిపించండి. 35 మి.మీ. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. మా దగ్గర పెద్ద రీలు 2,000 అడుగులు, అంటే సుమారు 22 నిమిషాలు. అందుకే గదిలో ఎప్పుడూ రెండు ప్రొజెక్టర్లు. ఒకదాంట్లో రీలు ఆడుతుండగా రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచుతాం. రీలు చివరికి వచ్చేసరికి తెరమీద కుడివైపు పైమూలలో చిన్న చుక్క ఒకటి తళుక్కుమంటుంది. అది కనబడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క వస్తుంది. ఆ క్షణంలో దీని మూత దించి దాని మూత ఎత్తాలి. సరిగ్గా చేస్తే హాల్లో ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆలస్యమైతే తెల్లతెర, ఆపై ఈలలు.

దీపం కూడా ఇప్పటిలా మీట నొక్కితే వెలిగేది కాదు. రాగిపూత ఉన్న కార్బన్ కడ్డీలు రెండు, వాటి మొనల మధ్య కరెంటు మంట. కడ్డీలు అరుగుతున్న కొద్దీ మధ్య ఖాళీ పెరిగి తెర మసకబారుతుంది. నల్లద్దంలోంచి ఆ మంటను చూస్తూ, మర తిప్పుతూ ఖాళీ సరిచేస్తూ ఉండాలి. కరిగిన రాగి బొట్లు బొట్లుగా కిందికి రాలేది. మే నెలలో ఆ గదిలో చొక్కా తడవని రోజు లేదు. కింద మీ నాన్నగారు చల్లగా కూర్చుని చూసిన వెలుతురు ఆ వేడిలోంచే వచ్చేది.

70 మి.మీ. అయితే నిమిషానికి 112 అడుగుల పైచిలుకు. శబ్దం ఫిల్ము అంచుల్లో అయస్కాంతపు పూత మీద ఆరు ట్రాకులుగా ఉండేది. తెలుగులో మొదటి 70 మి.మీ. సినిమా 1986లో కృష్ణ గారి "సింహాసనం". అప్పటికి మీ నాన్నగారు విశాఖలో ఉన్నారు.

మ్యాట్నీకి వెళ్లండి. రద్దీ తక్కువ, బయటికి వచ్చేసరికి ఎండ తగ్గి ఉంటుంది. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్ దగ్గరే. టి. నగర్ నుంచి అయితే ఆటోయే సుఖం.

వేళచ్చేరి_తెలుగు:

ఆపరేటర్ గారూ, ఆ చుక్కల సంగతి మా నాన్న కూడా చెప్పేవారు. ఇంత వివరంగా ఇప్పుడే తెలిసింది, ధన్యవాదాలు.

సుధ గారూ, నేను పదిహేనేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. తెలుగు సినిమా వచ్చిన మొదటి వారంలోనే చూసే అలవాటు నాది. ఆపరేటర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, పెద్దాయన్ని ఒక్క సినిమాకే తీసుకెళ్లగలిగితే వడపళనిలోని విజయా మాల్‌కు తీసుకెళ్లమంటాను. పెళ్లి కూడా అక్కడే కాబట్టి దూరం లేదు. పలాజో అనే మల్టీప్లెక్స్ అందులోనే ఉంది, ఐమాక్స్ తెర ఉంది. కారు దిగిన చోటు నుంచి సీటు దాకా లిఫ్టులోనే వెళ్లిపోవచ్చు. మూడు గంటల సినిమాకు నొప్పి ఉన్న మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం పెద్దవాళ్లకు శిక్ష. కాళ్లు చాపుకునే స్థలం, మరుగుదొడ్డి దగ్గరగా ఉండటం, ఇవన్నీ చిన్న విషయాలు కావు. మా అత్తగారికి మోకాలి శస్త్రచికిత్స అయ్యాక ఆమె హాయిగా సినిమా చూడగలిగింది ఇలాంటి చోటే.

ఇంకో కారణం. ఆ మాల్ ఉన్నది ఒకప్పటి విజయా–వాహినీ స్టూడియో స్థలంలో. నాగిరెడ్డి గారి స్టూడియో. 1957 నాటి "మాయాబజార్" అక్కడే తీశారు. మీ నాన్నగారి తరానికి ఈ సంగతి చెబితే ఆ నేలమీద అడుగుపెట్టడమే ఒక ఆనందం. పాత హాళ్లు వెతుక్కుంటూ తిరగడం కన్నా, ఘటోత్కచుడు నడిచిన నేలమీద కూర్చుని కొత్త సినిమా చూడటం తక్కువదేమీ కాదు.

ధరల గురించి కంగారుపడకండి. తమిళనాడులో టికెట్టుకు గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. హైదరాబాదులో విడుదల రోజుల్లో పెట్టే ధరలు చూసి వచ్చినవాళ్లకు ఇక్కడి మామూలు టికెట్టు చవకగానే ఉంటుంది. ఐమాక్స్‌కు మాత్రం కొంచెం ఎక్కువ. చాలాకాలం ఇక్కడి మల్టీప్లెక్సుల్లో ముందు వరుసల్లో పది రూపాయల టికెట్లు కూడా ఉండేవి. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో నేను సత్యంలో అలాగే చూసేవాణ్ని. మెడ పట్టేసినా సరే, ఆ పది రూపాయలకు అంత మంచి శబ్దం, అంత మంచి తెర ఇంకెక్కడా దొరికేది కాదు.

సత్యం గురించి ఆపరేటర్ గారు ఒక్క మాటతో సరిపెట్టారు. అది 1974 నాటి హాలు. మొదట సత్యం, శాంతం, శుభం అని మూడు, తర్వాత ఆరయ్యాయి. చాలాకాలం రెడ్డి సోదరుల ఎస్‌పీఐ సంస్థ చేతిలో ఉంది, 2018లో పీవీఆర్ కొనుక్కుంది. పాప్‌కార్న్ మీద మనకు కావలసిన పొడులు మనమే చల్లుకునే పద్ధతి అక్కడిదే. నా దృష్టిలో, పాతతనం పోగొట్టుకోకుండా కొత్తగా మారడం ఎలాగో ఈ ఊరికి చూపించింది సత్యమే. దేవి కుదరకపోతే సత్యం పెట్టుకోండి.

తిరువళ్లిక్కేణి_అమ్మమ్మ:

పిల్లలిద్దరూ మౌంట్ రోడ్డు, వడపళని అంటూనే ఉన్నారు గానీ, అసలు తెలుగు మాట తెరమీద వినబడింది జార్జిటౌన్ వైపున. 1931 అక్టోబరు 31న "కాళిదాస్" విడుదలైన కినిమా సెంట్రల్ ఆ పక్కదే. తర్వాత దాన్నే మురుగన్ టాకీస్ అన్నారు. తీసింది హెచ్.ఎం. రెడ్డి గారు. తమిళ సినిమా అని లెక్కే గానీ, అందులో తెలుగు మాటలూ ఉన్నాయి. మా మామగారు పారిస్ కార్నర్‌లో ఒక దుకాణంలో గుమాస్తా. ఆ సినిమా చూడటానికి జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారని ఆయన చెప్పగా విన్నాను. తెరమీద మనిషి నోరు విప్పి మాట్లాడితే జనం ఉలిక్కిపడేవారట.

నేను పెళ్లయి మద్రాసు వచ్చింది 1967లో. అప్పట్లో ఆడవాళ్లకు టికెట్ల వరుస విడిగా ఉండేది. అది ఎంత మేలు చేసేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా వారికి ఆఫీసు ఉంటే, మేం నలుగురు తోడికోడళ్లం మ్యాట్నీకి వెళ్లి, ఆ వరుసలో నిలబడి టికెట్లు తీసుకుని, ఎవరి సాయం లేకుండా సినిమా చూసి, పొయ్యి వెలిగించే వేళకు ఇంటికొచ్చేవాళ్లం. అత్తగారికి తెలుసు. తెలిసీ ఏమీ అనేది కాదు, కథ మాత్రం పూర్తిగా చెప్పించుకునేది.

సుధా, నీకు ఒక్క మాట. నాన్నగారిని తీసుకెళ్లేటప్పుడు మీ తమ్ముణ్ని కూడా రమ్మను. ఆయన అంతా చెప్పుకోవాలనుకునేది అతనికే.

సుధ_గుంటూరు:

అందరికీ ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ నాన్నగారికి పైకి చదివి వినిపించాను. చుక్కల సంగతి దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. ఆ చుక్కను తాము హాస్టల్‌లో "సిగరెట్టు మచ్చ" అని పిలిచేవారట, అదేమిటో మాత్రం ఎవరికీ తెలియదట. "మరో చరిత్ర" సఫైర్‌లో అమ్మతో కలిసి చూశారట. పెళ్లయిన కొత్తలో. ఇది మాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు బెంగళూరు నుంచి నేరుగా చెన్నై వస్తానన్నాడు.

వేళచ్చేరి గారు చెప్పిన వాహినీ స్థలం, దేవి, రెండూ చేద్దామని నాన్నగారి ఆలోచన. ఒకరోజు పెళ్లి దగ్గర, ఇంకోరోజు మౌంట్ రోడ్డు. ఆపరేటర్ గారూ, ఆయన మరో ప్రశ్న అడగమన్నారు. కేసినో దగ్గర గెయిటీ అని ఒక హాలు ఉండేది కదా, దాన్ని కట్టింది మన తెలుగాయనేనని కాలేజీలో ఎవరో చెప్పారట, నిజమేనా? మ్యాట్నీకి ముందు ఒక గంట సమయం ఉంటే, ఎక్కువ నడవకుండా ఏం చూడొచ్చు?

మౌంట్‌రోడ్_ఆపరేటర్:

అమ్మా, నిజమే. ఈ ప్రశ్న వస్తుందనే ఎదురుచూస్తున్నాను.

గెయిటీ కట్టింది రఘుపతి వెంకయ్య నాయుడు గారు. మచిలీపట్నం ఆయన, 1869లో పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకునేవారు. బొమ్మతోపాటు గ్రామఫోను శబ్దం వచ్చే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, గుడారం వేసి మద్రాసులో ఆటలు వేశారు. ఆ యంత్రం పట్టుకుని దక్షిణాదంతా, సింహళం, బర్మా కూడా తిరిగారు. తిరిగి వచ్చాక 1914 ప్రాంతంలో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీ కట్టారు. ఆ తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. గ్లోబ్‌కే తర్వాత రాక్సీ అని పేరు వచ్చింది. అంతకుముందు ఈ ఊళ్లో హాళ్లు నడిపినవాళ్లు దొరలు. భారతీయుడు సొంతంగా హాలు కట్టి నిలబడటం ఇక్కడ ఆయనతోనే మొదలు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా నేర్చుకురమ్మని విదేశాలకు పంపారు. ఆ తండ్రీకొడుకులు 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీశారు. మన ప్రభుత్వం ఇచ్చే రఘుపతి వెంకయ్య అవార్డు ఈయన పేరుతోనే.

గెయిటీ ఇప్పుడు లేదు, వ్యాపార భవనం వచ్చింది. ఆయన కట్టిన మూడు హాళ్లలో ఒక్కటీ సినిమా హాలుగా మిగల్లేదు. అవార్డు ఇస్తున్నవాళ్లెవరూ ఆ స్థలంలో ఒక చిన్న పలక పెట్టించాలని అనుకోకపోవడం నాకు బాధ. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, ఇక్కడ ఇన్ని తెలుగు సంఘాలు, తలుచుకుంటే ఒక్క రోజు పని. ఈ మాట వీలున్న ప్రతి చోటా నేను చెబుతూనే ఉన్నాను. ఇక్కడ చదివేవారిలో ఎవరికైనా అలాంటి సంఘాలతో పరిచయం ఉంటే దయచేసి కదిలించండి.

మీ గంట ఇలా పెట్టుకోండి. ఆటోను ముందు అన్నా సాలై, అంటే మన మౌంట్ రోడ్డు, పెద్ద పోస్టాఫీసు దగ్గర ఆపించండి. ఆ ఆవరణలో తపాలాబిళ్లలు అమ్మే ఫిలాటెలిక్ బ్యూరో ఉన్న పాత భవనం చూడండి. అదే 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్. వార్విక్ మేజర్ అనే దొర కట్టించాడు. ఎక్కువ కాలం నడవలేదు, రెండేళ్లకే తపాలాశాఖ తీసుకుంది. అలా తీసుకోబట్టే బతికింది. మద్రాసు మొదటి తరం సినిమా హాళ్లలో గోడలతో సహా కంటికి కనబడేది అదొక్కటే. లోపలికి వెళ్లి నాన్నగారికి నాలుగు బిళ్లలు కొనివ్వండి, కాసేపు కూర్చోవచ్చు కూడా. అక్కణ్నుంచి బ్లాకర్స్ రోడ్డు మలుపు తిరిగితే కేసినో వస్తుంది. గెయిటీ ఆ దగ్గరే. ఆటో దిగనక్కర్లేదు, నెమ్మదిగా పోనివ్వమంటే చాలు. తర్వాత దేవి. మూడూ ఒకదానికొకటి దగ్గరే.

వేళచ్చేరి బాబూ, వెలుతురు, శబ్దం విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. లేజర్ వెలుతురు ముందు మా కార్బన్ మంట నిలవదు. డిజిటల్ ప్రొజెక్షన్ తెచ్చిన క్యూబ్ సంస్థ కూడా మన చెన్నైదే, ఆ మార్పును నేను ద్వేషించలేదు. నా పోటీ తెరతో కాదు, గుమ్మంతో. దేవిలో ఆట వదిలితే జనమంతా ఒక్కసారిగా మౌంట్ రోడ్డు మీదికి వస్తారు. పక్కనున్న పరాయివాడితో సినిమా గురించి ఒక మాట అనుకుని, టీ తాగి, బస్సెక్కుతారు. మాల్‌లో ఆట వదిలితే చెప్పుల దుకాణాలు, బట్టల దుకాణాలు దాటుకుంటూ ఎవరి కారు దగ్గరికి వాళ్లు పోతారు. మీ నాన్నగారు మద్రాసులో చూసినది ఆ మొదటి రకం, సుధా. అందుకే దేవి అన్నాను. వాహినీ స్థలం మాత్రం తప్పకుండా చూపించండి, అది మంచి ఆలోచన. ఒకప్పుడు ఇక్కడి ల్యాబుల్లో కడిగిన తెలుగు ప్రింట్లు విడుదల ముందు రోజు పెట్టెల్లో సర్దుకుని సెంట్రల్ స్టేషన్ నుంచి విజయవాడ గాంధీనగర్‌కు వెళ్లేవి. మీ గుంటూరులో చూసిన సినిమా కూడా ఇక్కడి నుంచి వచ్చిందే.

సీట్ల మాట మరిచాను. తెర నుంచి మూడింట రెండు వంతులు వెనక్కి, మధ్యలో తీసుకోండి. నాన్నగారికి నడవ పక్క సీటు, ఏ మోకాలు ఎక్కువ నొప్పో ఆ కాలు నడవ వైపు చాపుకునేలా. మీ తమ్ముడు ఆయన పక్కన కూర్చుంటాడు కదా. ఇంటర్వెల్‌లో లేపకండి, కావలసింది సీటు దగ్గరికే తెచ్చివ్వండి. ఆట అయ్యాక జనం వెళ్లేదాకా పది నిమిషాలు కూర్చోనిచ్చి, ఆ తర్వాతే కదలండి. ఏ తేదీ అనుకున్నారో రాస్తే ఆ వారం దేవిలో ఏ తెలుగు సినిమా పడుతుందో కనుక్కుని ఇక్కడే చెబుతాను.